లింకు పంపే ముందు అవ్వను అడగాలి



ఈసారి గోడ పత్రికకు నీవే ఏదైనా వ్రాయాలి అని తెలుగు మేడం నాతో చెప్పినారు. పోయినసారి నేను సామెతలు వ్రాసి ఇచ్చినాను. ఈసారి నాకు సొంతంగా జరిగిన విషయం వ్రాయుచున్నాను. కంప్యూటర్‌లో స్లైడ్లు చేయుట నేను ఎట్ల నేర్చుకున్నాను, నేర్చుకొని ఏం తప్పు చేసినాను, ఆ తప్పు ఎట్ల దిద్దుకున్నాను అనేదే ఈ వ్యాసం. ఆగస్టు 9 నాడు నా స్లైడ్లు మీరందరూ చూసినారు. అన్నిట్లో ఫోటోలు ఉండి, ఆరవ స్లైడులో మాత్రం పెన్సిల్ బొమ్మ ఎందుకున్నది అని చాలామంది నన్ను అడిగినారు. ఆ రోజు చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను.

మాది నల్లమల అడవిలో ఒక చెంచు పెంట. అక్కడి నుంచి పొద్దున బయలుదేరి అచ్చంపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి మీదుగా బస్సులు మారుకుంటూ పాన్‌గల్ చేరేసరికి సాయంత్రం అవుతుంది. మా నాయిన వేలిముద్ర వేస్తాడు. మా అమ్మ కూడా అంతే. మా ఇంట్లో పలక పట్టిన మొదటి మనిషిని నేనే. అందుకే నేను ఏది నేర్చుకున్నా ఇంటికి పోయి చెప్పాలి. మా అవ్వ పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకొని "ఈసారి ఏం నేర్సినవ్?" అని అడుగుతుంది. చెప్పలేకపోతే "ఉత్తగనే అన్నం తినొచ్చినవా?" అంటుంది.

మన కంప్యూటర్ గదిలో పనిచేసేవి ఐదే. మాకు మంగళవారం, శుక్రవారం మాత్రమే వంతు వస్తుంది. అందుకని గుంపుకు ఒక కంప్యూటర్ ఇచ్చినారు. మొదటి రోజు నేను మౌస్ ముట్టలేదు. షాక్ కొడితే ఎట్ల అని వెనుక నిలబడినాను. తండా నుంచి వచ్చిన నా స్నేహితురాలు నా చెయ్యి పట్టుకొని మౌస్ మీద పెట్టింది. బాణం గుర్తు నా చెయ్యి ఎటు పోతే అటు పోయింది. అప్పుడు భయం పోయింది.

కంప్యూటర్ మేడం ముందుగా స్లైడ్ అంటే ఏమిటో చెప్పినారు. వెనుకట ఫిల్మ్ ముక్కను చిన్న చట్రంలో పెట్టి, దీపం వెలుగుతో గోడ మీద పెద్దగా చూపేవారట. దానినే స్లైడ్ అనేవారు. తరువాత 1987లో పవర్‌పాయింట్ అనేది వచ్చింది, దానితో స్లైడ్లు కంప్యూటర్‌లోనే చేయవచ్చును. 2007లో గూగుల్ వాళ్లు బ్రౌజర్‌లోనే స్లైడ్లు చేసుకునే ఏర్పాటు తెచ్చినారు. మేము నేర్చుకున్నది ఇదే. దీనికి వేరే ఏదీ ఎక్కించవలసిన పని లేదు. నెట్ ఉండి, క్రోమ్ తెరిస్తే చాలు. మనం చేసిన ఫైలు మన గదిలోని డబ్బాలో ఉండదు. గూగుల్ వాళ్ల కంప్యూటర్లలో ఉంటుంది. అందుకే కరెంటు పోయి మిషన్ ఆగినా, నెట్ ద్వారా అప్పటిదాకా చేరిన పని పోదు. మళ్లీ తెరిస్తే అక్కడే ఉంటుంది. నేను సగం పని చేసినాక రెండుసార్లు కరెంటు పోయింది. రెండుసార్లూ నా పని నాకు దొరికింది. ఇదే నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

తెలుగులో కొట్టుట కూడా నేర్చుకున్నాము. భాష తెలుగు అని పెట్టుకొని, ఇంగ్లీషు అక్షరాలు ఎ, వి, వి, ఎ అని కొట్టి స్పేస్ నొక్కితే "అవ్వ" అని వచ్చింది. నేను కంప్యూటర్‌లో కొట్టిన మొదటి తెలుగు మాట అదే. ఇంగ్లీషులో నాకు తక్కువ మార్కులు వస్తాయని మీకు తెలుసు. అయినా ఇంగ్లీషు అక్షరాలతో మా అవ్వను పిలిచినాను.

ముందు అలవాటు కోసం పాన్‌గల్ కోట మీద స్లైడ్లు చేయమన్నారు. మన హాస్టల్ నుంచి రోజూ చూసే గుట్టే గదా అని అనుకున్నాము. సోషల్ సార్ మమ్మల్ని గుట్ట ఎక్కించినారు. వాన పడి రాళ్లు జారుతున్నవి, సీతాఫలం చెట్లు పచ్చగా ఉన్నవి. కోటకు ఏడు ప్రాకారాలు అని, నడుమ ఎత్తు మీద ఉన్నదానిని బాలా హిస్సార్ అంటారని సార్ చెప్పినారు. 1417లో బహమనీ సుల్తాను ఫిరోజ్ షా ఈ కోటను ముట్టడించినాడని, చాలా రోజులు అయినా కోట దొరకక, చివరకు విజయనగర సైన్యం చేతిలో ఓడిపోయినాడని కూడా చెప్పినారు. నేను ఇదంతా ఒక్క స్లైడులోనే కొట్టినాను. అక్షరాలు చీమల బారు లెక్క అయినవి. మేడం నన్ను ఏమీ అనలేదు. నన్ను తీసుకుపోయి వెనుక బెంచీ మీద కూర్చోబెట్టి, "ఇప్పుడు చదువు" అన్నారు. చదవలేకపోయినాను. "గోడ మీద పడేది చూసేటందుకు, చెప్పేది నీ నోటితో చెప్పు" అన్నారు. అప్పుడు స్లైడులో ప్రాకారం ఫోటో పెట్టి, కింద "1417 - ముట్టడి, కోట దొరకలేదు" అని మాత్రమే ఉంచినాను. మిగిలినది స్లైడు కింద నోట్సు గడిలో పెట్టుకున్నాను. అది చెప్పే మనిషికే కనిపించేటట్లు పెట్టుకోవచ్చును.

తరువాత అసలు పని వచ్చింది. ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. 1982లో ఆ తేదీన ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల గురించి ఏర్పడిన సంఘం మొదటిసారి కూర్చున్నది. దాని గుర్తుగా ఆ రోజును పాటించాలని 1994లో తీర్మానం చేసినారు. ఆ రోజు సభలో ఒక్కొక్క గుంపు తమ ఊరి గురించి స్లైడ్లు చూపాలి. తండా అక్కలు తీజ్ పండుగ తీసుకున్నారు. నేను "మా పెంట" అని తీసుకున్నాను.

నాకు ఎనిమిది స్లైడ్లు అయినవి. గుడిసె, అమ్మ ఇప్పపువ్వు ఏరుట, నాయిన జిగురు తెచ్చి జి.సి.సి. డిపోలో అమ్ముట, అవ్వ గడ్డలు తవ్వుట, ఇట్ల. ఫోటోలు ఎండాకాలం సెలవుల్లో మా పెద్దనాయిన కొడుకు ఫోన్‌తో తీసినవి. అన్న వాటిని మేడం ఫోన్‌కు పంపినాడు. ఆరవ స్లైడు తేనె గురించి. అది నాకు చాలా ఇష్టమైన స్లైడు. గుట్ట అంచున పెద్ద పెద్ద తేనెపట్లు వేలాడుతున్న ఫోటో అది. గుట్ట పేరు వ్రాసి, ఏ బాట నుంచి పోవాలో బాణం గుర్తు కూడా గీసినాను. ఎర్ర రంగు బాణం. అందరికన్నా నాదే బాగుంటుందని గర్వపడినాను.

ఇప్పుడు షేర్ చేయుట గురించి చెప్తాను. మేడం తన మిషన్ నుంచి మాకు లింకు ఇచ్చినారు. ఆ లింకు తెరిస్తే ఐదు కంప్యూటర్లలోనూ ఒకే ఫైలు వచ్చింది. నేను ఇక్కడ ఒక అక్షరం కొడితే నా స్నేహితురాలి తెర మీద కూడా పడింది. మేము లాగిన్ కాలేదు కాబట్టి మా పేర్లు రాలేదు. పేర్లకు బదులు పైన చిన్న గుండ్రాలలో జంతువుల బొమ్మలు వచ్చినవి. ఒకరు కాపిబారా, ఒకరు ఆక్సొలాటిల్ అట. మేమందరం పగలబడి నవ్వినాము. నేను పులులు తిరిగే అడవి నుంచి వచ్చినాను గాని, ఆ జంతువులను ఎన్నడూ చూడలేదు.

కానీ శుక్రవారం ఫైలు తెరిచేసరికి నాకు నవ్వు రాలేదు. అవ్వ ఫోటో కింద నేను "మా అవ్వ" అని వ్రాసినాను. దానిని తుడిచి ఎవరో "అడవి మనిషి" అని కొట్టినారు. పక్కన నవ్వే బొమ్మ కూడా పెట్టినారు. నాకు కళ్లల్లో నీళ్లు వచ్చినవి. మంది చూస్తున్నారని కిందికి వంగి చెప్పు సరిచేసుకున్నట్లు చేసినాను. ఇది వ్రాసిన చెల్లెలు కూడా ఈ గోడ దగ్గర నిలబడి చదువుతుందని నాకు తెలుసు. నేను ఆమెను తిట్టుటకు వ్రాయుట లేదు. మాది అడవే, మేము మనుషులమే. రెండూ నిజమే. కానీ ఆ రెండు మాటలు కలిపి నవ్వితే గుచ్చుకుంటుంది.

ఎవరు వ్రాసినారో చూద్దామని మేడంతో పాటు వెర్షన్ హిస్టరీ తెరిచినాము. ఫైలులో ఎప్పుడెప్పుడు ఏం మారిందో అందులో ఉంటుంది. లాగిన్ కాలేదు గనుక పేరు లేదు. మేడం వెతకలేదు. ముందు రోజుల నాటి ఫైలును చూపించి, రీస్టోర్ అని నొక్కినారు. "మా అవ్వ" తిరిగి వచ్చింది. తరువాత మేడం అందరినీ పిలిచి షేర్ బటన్ మళ్లీ చూపించినారు. అందులో మూడు రకాల హక్కులు ఉన్నవి. వ్యూయర్ అంటే చూడవచ్చు, మార్చరాదు. కామెంటర్ అంటే పక్కన తన మాట వ్రాయవచ్చు, లోపలిది ముట్టరాదు. ఎడిటర్ అంటే అన్నీ మార్చవచ్చు, తీసివేయవచ్చు. "లింకు ఉన్న వాళ్లందరినీ ఎడిటర్లుగా పెట్టుట నా పొరపాటే" అని మేడం మా ముందర ఒప్పుకున్నారు. టీచర్ అట్ల అనుట నేను మొదటిసారి విన్నాను. లింకును వ్యూయర్‌కు మార్చినారు. దిద్దుకోవాలంటే మేడం మిషన్ మీదనే దిద్దుకోవాలి.

దీనిని నేను మా తేనె పనితో పోల్చుకున్నాను. మా దగ్గర తేనె కోసేవాడు నారతో పేనిన తాడు పట్టుకొని గుట్ట అంచు నుంచి కిందికి దిగుతాడు. పైన ఆ తాడు దగ్గర నిలబడేది అతని బామ్మర్ది. ఎందుకంటే తాడు జారితే తన అక్కకో చెల్లెకో మొగుడు పోతాడు. కాబట్టి జారనివ్వడు. గుట్ట కింద నిలబడి చూసేవాళ్లు ఎందరైనా ఉండవచ్చును. తాడు మాత్రం అందరి చేతికీ ఇవ్వరు. ఎడిటర్ అంటే తాడు పట్టేవాడు అని నేను గుర్తు పెట్టుకున్నాను.

అంతటితో అయిపోయింది, ఇక చూసేవాళ్లు చూస్తే ఏమవుతుంది అనుకున్నాను. నేనే మేడంను బతిమాలి లింకును పేరెంట్స్ గ్రూపులో పెట్టించినాను. నా స్లైడ్లు అందరి ఇండ్లలో చూడాలని నా ఆశ.

ఆదివారం ఫోన్ వంతు వచ్చింది. అన్న సిగ్నల్ వచ్చే గడ్డ మీదికి ఎక్కి అవ్వకు ఫోన్ ఇచ్చినాడు.

"తిన్నవా బిడ్డా?" అన్నది.

"తిన్న అవ్వా. నీ ఫోటో పెద్దగ గోడ మీద పడ్తది, అందరు సూస్తరు" అన్నాను.

"నాదా? ఏ చీర మీదున్న?" అని నవ్వింది. "ఇంకేమేం వెట్టినవ్?"

నేను వరుసగా చెప్పుకుంటూ పోయినాను. తేనె గుట్ట ఫోటో, గుట్ట పేరు, ఎర్ర బాణం కూడా చెప్పినాను. అవ్వ మాట్లాడలేదు. ఫోన్ కట్ అయ్యిందేమో అనుకున్నాను.

"ఎవల్నడిగి వెట్టినవ్?" అన్నది.

"మన గుట్టనే గదా అవ్వా."

"మనదే. గందుకే అడగాలె. ఆ పట్లు మీ తాత ఉన్నప్పటి సంది మన ఇంటోళ్లు కోస్తున్నరు. ఏ గుట్ట ఎవలిదో పెంటల అందరికి ఎర్క. బైటోనికి ఎందుకెర్క గావాలె? వాడు రాత్రికి రాత్రి వొచ్చి పట్టు మొత్తం నరుక్కోని పోతడు. మల్ల యాడాది ఈగ ఆడ వాల్తదా? నా మొకం సూపియ్యి బిడ్డా, నాకేం సిగ్గు లేదు. గుట్ట మొకం సూపియ్యకు."

నాకు చేతులు చల్లబడినవి. ఆదివారం కంప్యూటర్ గదికి తాళం. మంగళవారం దాకా తెరవరు. లింకు ఇప్పటికే ఎందరి ఫోన్లలో ఉన్నదో తెలియదు. నేను భోజనానికి పోకుండా వరండాలో కూర్చున్నాను. వార్డెన్ మేడం చూసి పిలిచినారు. ముందు అన్నం తినలేదని కోప్పడినారు, తరువాత ఏమైందని అడిగినారు. చెప్పినాను. చిన్న విషయం అని తీసివేస్తారనుకున్నాను. కాని మేడం వెంటనే తన ఫోన్‌తో కంప్యూటర్ మేడంకు ఫోన్ చేసినారు. కంప్యూటర్ మేడం వనపర్తిలో తన ఇంట్లో ఉన్నారు. ఆమె అక్కడి నుంచే తన ఫోన్‌లో ఫైలు తెరిచి, లింకును రిస్ట్రిక్టెడ్‌కు మార్చినారు. అంటే మేడం పేరు పెట్టి పిలిచిన వాళ్లకు తప్ప ఇంకెవరికీ తెరుచుకోదు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఫైలు మన గదిలో లేకపోవుట వల్ల వచ్చిన లాభం అదే. తాళం ఎక్కడి నుంచైనా వేయవచ్చును.

కానీ మేడం నాకు నిజం చెప్పినారు. "ఇప్పటి నుంచి ఎవరూ తెరవలేరు. ఇంతకుముందే ఎవరైనా కాపీ తీసుకొని ఉంటే, తెరను ఫోటో తీసుకొని ఉంటే, దానిని మనం వెనుకకు తేలేము" అన్నారు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ఎర్ర బాణం కళ్ల ముందు కనిపించింది. ఇప్పటిదాకా ఎవరూ ఆ గుట్టకు పోలేదని అన్న చెప్తున్నాడు. తేనె కోసే కాలం వచ్చేదాకా నాకు ఆ బెంగ ఉంటుంది.

మంగళవారం మేడంతో కూర్చొని ఆరవ స్లైడు తీసివేసినాను. తీసివేసినా పాతది వెర్షన్ హిస్టరీలో ఉంటుంది. అందుకే మేడం ఫైలుకు కొత్త కాపీ చేయించినారు. కొత్త కాపీలోకి పాత హిస్టరీ రాదు. తేనె స్లైడుకు బదులు నేను కాగితం మీద పెన్సిల్‌తో ఒక తాడు, దానిని పట్టుకున్న రెండు చేతులు వేసినాను. మేడం దానిని ఫోటో తీసి పెట్టినారు. మీరు చూసిన బొమ్మ అదే.

సోషల్ సార్ ఈ సంగతి విని నాకు ఒకటి చెప్పినారు. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు నల్లమలకు వచ్చి మా చెంచుల మధ్య ఉండి, అన్నీ చూసి, ఫోటోలు తీసి, 1943లో పెద్ద పుస్తకం వేసినాడట. అది ఇంగ్లీషులో ఉన్నది. మా అవ్వకు తెలుగే చదవరాదు. మా గురించి వ్రాసిన పుస్తకం మా ఇంట్లో ఎవరూ చదవలేదు. నేను అనుకున్నాను, నా స్లైడ్లు కూడా అట్లనే కాకూడదు. మా గురించి చూపేటప్పుడు మా వాళ్లే ముందు చూడాలి, మా వాళ్లే సరే అనాలి. నేను చెంచు పిల్లనే అయినా, అడగకుండా పెడితే నేను కూడా బయటి మనిషినే.

సభ రోజు ఏమైందో మీకు తెలుసు. వానకు నెట్ పోయింది. తండా అక్కలు ఏడుపు ముఖం పెట్టినారు. మేడం ముందే అందరి ఫైళ్లను డౌన్‌లోడ్ చేసి పెన్ డ్రైవ్‌లో పెట్టినందున ప్రొజెక్టర్ మీద అన్నీ వచ్చినవి. నా వంతు వచ్చినప్పుడు నా కాళ్లు వణికినవి. అవ్వ ఫోటో గోడంత పెద్దగా పడగానే వణుకు ఆగింది. తేనె గురించి, తాడు గురించి, బామ్మర్ది గురించి చెప్పినాను. ఆరవ తరగతి చెల్లెలు ఒకామె లేచి, "అక్కా, ఆ గుట్ట యాడుంది?" అని అడిగింది. "మాకు ఎర్క" అన్నాను. అందరూ నవ్వినారు. అది మంచి నవ్వు.

ఆ రాత్రి భోజనాల వరుసలో ఒక అమ్మాయి తన అరటిపండు నా పళ్లెంలో పెట్టి పోయింది. ఏమీ మాట్లాడలేదు. నేనూ అడగలేదు. పండు తిన్నాను.

చెల్లెళ్లు కంప్యూటర్ గదికి పోయేటప్పుడు గుర్తుంచుకోవలసినవి నాలుగు వ్రాయుచున్నాను. స్లైడులో తక్కువ మాటలు పెట్టండి, మిగిలినది నోటితో చెప్పండి. షేర్ నొక్కే ముందు చూసేవారెవరు, మార్చేవారెవరు అని చూసుకోండి. సభ ఉంటే ఒక కాపీ పెన్ డ్రైవ్‌లో కూడా పెట్టుకోండి. నాల్గవది అన్నిటికన్నా ముఖ్యం. ఫోటోలో ఉన్న మనిషిని, ఆ జాగ ఎవరిదో వాళ్లను అడిగినాకనే లింకు పంపండి. మొదటి మూడూ తప్పితే మేడం దిద్దగలరు. నాల్గవది తప్పితే ఎవరూ పూర్తిగా దిద్దలేరు.

కొత్త లింకును వ్యూయర్‌గా అన్న ఫోన్‌కు పంపినాము. అన్న గడ్డ మీదికి తీసుకుపోయి అవ్వకు ఒక్కొక్క స్లైడూ చూపించినాడు. పోయిన ఆదివారం అవ్వ ఫోన్‌లో, "అంత మంచిగున్నది గని నా ముక్కుపుల్ల కనిపిస్తలేదు" అన్నది. దసరా సెలవులకు పోయినప్పుడు ముక్కుపుల్ల కనిపించేటట్లు మళ్లీ ఫోటో తీస్తాను. ఈసారి అడిగే తీస్తాను.

నా వ్యాసంలో తప్పులున్న మన్నించగలరు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థిని,
తొమ్మిదవ తరగతి.